మానసిక వైద్యం మాత్రలు సొంతంగా తగ్గించడం, ఆపేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కావలిలో ఒక మందుల దుకాణంలో పద్దెనిమిదేళ్లుగా ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. మా తమ్ముడు పన్నెండేళ్లుగా బైపోలార్ జబ్బుకు (కొన్నాళ్లు అతి హుషారు, కొన్నాళ్లు బాగా కుంగుబాటు) మందులు వాడుతున్నాడు. కౌంటరు అవతల నిలబడి మీరు అడిగే ప్రశ్నలు, మా ఇంట్లో అమ్మ నన్ను అడిగిన ప్రశ్నలు చాలావరకు ఒకటే. వాటినే ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టరును కాను కాబట్టి ఎవరు ఏ మాత్ర ఎంత తగ్గించాలో చెప్పను. ఆ మాట మీ డాక్టరు గారే చెప్పాలి. ఆయనను అడగకుండా తగ్గిస్తే ఏమవుతుందో మాత్రం దాచకుండా చెబుతాను.

మనిషి బాగయ్యాడు కదా, ఇంకా మాత్రలు ఎందుకు?

ఈ మాట వినని వారం లేదు. నెల రోజుల చీటీ చేతిలో పెట్టి "ఒక షీటు చాలు" అంటారు. డబ్బు ఇబ్బందా అని అడిగితే చాలామంది కాదంటారు. "ఇప్పుడు బాగానే ఉన్నాడమ్మా, నెమ్మదిగా మానిపిద్దామని" అంటారు.

బాగున్నది మందు పనిచేస్తున్నందువల్ల కావచ్చు. బీపీ మాత్ర వేసుకుంటూ బీపీ సరిగ్గా ఉందని మాత్ర ఆపేస్తే మళ్లీ పెరుగుతుందని మన ఊళ్లలో అందరికీ తెలుసు. మనసు జబ్బు దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివిడి ఎందుకో పక్కకు పోతుంది. మొదటిసారి వచ్చిన డిప్రెషన్‌కు లక్షణాలు తగ్గాక కూడా మామూలుగా ఆరు నుంచి తొమ్మిది నెలలు అదే డోసు కొనసాగిస్తారు. మళ్లీ మళ్లీ వచ్చినవారికి రెండేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. బైపోలార్, స్కిజోఫ్రేనియా (లేనిపోని అనుమానాలు, గొంతులు వినపడటం ఉండే జబ్బు) జబ్బుల్లో ఇంకా దీర్ఘకాలం.

డాక్టరు పర్యవేక్షణలో మందు మానిపిస్తే ఎందరికి తిరగబెడుతుందో ఇంగ్లండులో పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు. చాలాకాలంగా డిప్రెషన్ మందు వాడుతూ, ఆపడానికి సిద్ధంగా ఉన్నామనుకున్న 478 మందిని తీసుకున్నారు. మందు కొనసాగించినవారిలో ఏడాది లోపల 39 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. క్రమంగా తగ్గించి ఆపినవారిలో 56 శాతం మందికి. ఈ అంకెలను నేను రెండు వైపుల నుంచీ చూస్తాను. ఆపినవారిలో నూటికి 44 మంది ఏడాదిపాటు బాగానే ఉన్నారు. అంటే జీవితాంతం మింగాల్సిందేనన్న భయం అందరి విషయంలో నిజం కాదు. అయితే అది వైద్యుల కంటి ముందు జరిగింది.

ఒక్కసారిగా ఆపితే అసలు ఏమవుతుంది?

మా తమ్ముడు రొయ్యల చెరువుల మీద పనిచేస్తాడు, అందుకే వాడికి అర్థమయ్యేలా నేను చెప్పిన మాటే ఇక్కడా చెబుతాను. నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతాయన్న భరోసాతో చెరువులో రొయ్యపిల్ల ఎక్కువ వేస్తాం. ఆ చెరువు ఏరియేటర్లకు అలవాటు పడి ఉంటుంది. తెల్లవారుజామున కరెంటు పోయి అవి ఆగితే కాసేపట్లో రొయ్య పైకి తేలుతుంది. మెదడు కూడా నెలల తరబడి మందుకు తగ్గట్టు తనను తాను సర్దుకుంటుంది. హఠాత్తుగా తీసేస్తే మళ్లీ సర్దుకోవడానికి దానికి వ్యవధి ఉండదు.

ఏమవుతుందన్నది మందును బట్టి ఉంటుంది. డిప్రెషన్, ఆందోళన మందుల్లో పరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ ఒంట్లోంచి త్వరగా పోతాయి కాబట్టి వాటిని ఆపినప్పుడు ఇబ్బంది ఎక్కువ. తల తిరగడం, వికారం, పీడకలలు, ఊరికే ఏడుపు, చిన్నమాటకే కోపం, తలలో కరెంటు షాకు కొట్టినట్టు ఉండటం కనిపిస్తాయి. ఫ్లుఆక్సెటిన్ ఒంట్లో చాలా రోజులు నిలుస్తుంది, అందుకని దానితో ఈ బాధ తక్కువ.

నిద్రకు, ఆందోళనకు వాడే ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్, లోరజెపామ్ లాంటివి నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. మూర్ఛ ఉన్నవారు వాల్‌ప్రోయేట్ హఠాత్తుగా ఆపినా ఫిట్స్ ప్రమాదం ఉంది. బైపోలార్‌కు వాడే లిథియం ఒక్కసారిగా ఆపితే ఉన్మాద దశ (అతి హుషారు దశ) త్వరగా తిరగబెడుతుంది, ఆత్మహత్య ప్రమాదం పెరుగుతుంది. స్కిజోఫ్రేనియాకు వాడే క్లోజపిన్ ఒక్కసారిగా మానితే వాంతులు, చెమటలు, నిద్ర పట్టకపోవడంతో పాటు పాత లక్షణాలు వేగంగా, మునుపటికన్నా తీవ్రంగా రావచ్చు.

ఇవన్నీ చదివి భయపడి, ఏదో ఒక పూట మాత్ర మరిచిపోయినందుకు కంగారు పడకండి. ఒక పూట తప్పితే ఏం చేయాలో మందు రాసిన రోజే అడిగి చీటీ వెనక రాయించుకోండి.

మానేసి ఇరవై రోజులైంది, ఏమీ కాలేదు. మందు అక్కరలేదనేగా అర్థం?

కాదు. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు, మేమూ మోసపోయాం.

అల్లూరు వైపు చెరువుల మీద తమ్ముడికి రాత్రి కాపలా పడింది. రాత్రి మాత్రలు వేసుకుంటే మెలకువగా ఉండలేకపోతున్నాడు. ఎవరికీ చెప్పకుండా ఆపేశాడు. మొదటి నెల వాడు మునుపటికన్నా హుషారుగా కనిపించాడు. అమ్మ మురిసిపోయింది. ఐదో వారంలో రోజుకు రెండు గంటలే నిద్రపోయేవాడు, అయినా అలసట లేదు. అప్పుచేసి మూడు చెరువులు లీజుకు మాట్లాడేశాడు. ఆ వారమే అటకమీది పాత టార్చిలైటు వెలగడం లేదని అమ్మ సెల్స్ మార్చడానికి మూత తిప్పితే, సెల్స్ ఉండాల్సిన చోట తెల్లటి మాత్రలు. ఒళ్లో పోసుకుని నా దగ్గరికి తెచ్చింది. లెక్కపెడితే నలభై ఒకటి. కొన్ని చెమ్మకు అంటుకుపోయి ముద్దయ్యాయి. పందొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది.

మందులు అమ్మే అక్క ఇంట్లో ఉండి కూడా గమనించలేదు. వాడు హుషారుగా ఉండటం మంచిదేననుకున్నాను. అందుకే చెబుతున్నాను: జబ్బు వారాలకో నెలలకో తిరిగి రావచ్చు. ముఖ్యంగా స్కిజోఫ్రేనియా మందులు ఆపాక కొన్ని నెలలు బాగానే గడిచి, ఆ తర్వాత ఏదో ఒక రోజు అనుమానాలు, గొంతులు వినపడటం మొదలవుతుంది. అప్పటికి మందు ఆపిన సంగతే ఇంట్లోవాళ్లు మరిచిపోయి ఉంటారు.

వచ్చిన బాధ మందు మానినందుకా, జబ్బు తిరగబెట్టిందా?

ఇంట్లో కూర్చుని తేల్చడం కష్టం, అయినా కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. మందు మానినందువల్ల వచ్చే ఇబ్బంది సాధారణంగా కొద్దిరోజుల్లోనే మొదలవుతుంది. తలలో షాకు కొట్టినట్టుండటం, ఒళ్లు తూలడం లాంటి మునుపు లేని శరీర బాధలు ఉంటాయి. డాక్టరు చెప్పగా మందు మళ్లీ మొదలుపెడితే చాలావరకు ఒకటి రెండు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. జబ్బు తిరగబెట్టడం మెల్లగా, పాత దారినే వస్తుంది: మొదటిసారి ఎలా మొదలైందో అలాగే. నిద్ర, తిండి, మాట, ఖర్చు, ఈ నాలుగింటిలో వచ్చే మార్పు ఇంట్లోవాళ్లకే ముందు తెలుస్తుంది. తేదీలతో ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచండి. డాక్టరుకు ఆ తేదీలే పెద్ద ఆధారం.

సగం మాత్ర విరుచుకుని మేమే మెల్లగా తగ్గించుకుంటే?

మెల్లగా తగ్గించాలన్న ఆలోచన సరైనదే. ఏ మందు, ఎంత, ఎన్నాళ్లకు అన్నది సొంతంగా పెట్టుకోవడంతోనే చిక్కు.

చాలామంది లెక్క ఇలా ఉంటుంది: ఇరవై మిల్లీగ్రాములు పది చేస్తాం, పది ఐదు చేస్తాం, తర్వాత సున్నా. పైనుంచి సగానికి దిగినప్పుడు పెద్దగా తేడా తెలియదు. దాంతో ధైర్యం వస్తుంది. కానీ డిప్రెషన్ మందుల ప్రభావం డోసుతో పాటు సమానంగా తగ్గదు. చిన్న డోసు కూడా మెదడులో చాలా పని చేస్తుంటుంది. కాబట్టి ఇరవై నుంచి పదికి దిగడం కన్నా ఐదు నుంచి సున్నాకు దిగడమే పెద్ద దూకు. ఉదయగిరి కొండ దిగేవాళ్లకు తెలుసు, కాలు జారేది చివరి మెట్ల దగ్గర కూడా. చాలాకాలం వాడినవారికి వారాలు సరిపోవు, నెలలు పట్టవచ్చు. చివరికి వచ్చేకొద్దీ అడుగులు ఇంకా చిన్నవి కావాలి. అంత చిన్న డోసు మాత్రల్లో దొరకకపోతే ద్రవరూపంలో దొరికే మందు ఏదైనా సరిపోతుందేమో డాక్టరు చూస్తారు.

రోజు విడిచి రోజు వేసుకోవడం తగ్గించడం కాదు. త్వరగా ఒంట్లోంచి పోయే మందుతో అలా చేస్తే ఒకరోజు మందు, ఒకరోజు మానిన బాధ, ఇలా ఊగిసలాట తప్పదు.

ఇంకొకటి, మాత్ర పేరు చివర ఎస్‌ఆర్, ఈఆర్, ఎక్స్‌ఆర్, సీఆర్ అని ఉంటే అది నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర. దాన్ని నలపకూడదు, నమలకూడదు. విరవవచ్చో లేదో దుకాణంలో అడగండి. కూరగాయల కత్తితో కోసిన ముక్కలు, చీరకొంగులో నలిపిన పొడి కాగితంలో చుట్టి తెచ్చి "ఇది సగమేనా?" అని నన్ను అడిగినవాళ్లున్నారు. ఆ పొడిలో ఎంత మందు ఉందో చెప్పడం ఎవరివల్లా కాదు.

లిథియం గురించి అంత జాగ్రత్త ఎందుకంటారు? మన ఎండలకు సంబంధం ఏమిటి?

రక్తంలో లిథియం మామూలుగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండేలా చూస్తారు. తక్కువైతే పనిచేయదు, 1.5 దాటితే విషమయ్యే ప్రమాదం. మందుకూ విషానికీ మధ్య ఎడం అంత తక్కువ. అందుకే ఆఖరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం తీసి చూస్తారు. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు కూడా అప్పుడప్పుడూ చేయిస్తారు.

మే నెలలో నెల్లూరు, ఒంగోలు ఎండలు ఎలా ఉంటాయో వేరే చెప్పాలా. చీమకుర్తి క్వారీల్లో, ఉప్పు మడుల్లో, చెరువు గట్ల మీద పనిచేసేవారికి చెమట రూపంలో నీరు, ఉప్పు పోతాయి. అప్పుడు కిడ్నీలు లిథియంను బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయి. వాడే డోసు మారకపోయినా రక్తంలో లిథియం పెరిగిపోతుంది. విరేచనాలు, వాంతులు పట్టుకున్నా అంతే. నడుం నొప్పికి దుకాణంలో అడిగి తీసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రలు కూడా దాన్ని పెంచుతాయి. బీపీ ఉంది కదా అని ఉప్పు పూర్తిగా మానేయడం కూడా డాక్టరుకు చెప్పి చేయాల్సిన పనే.

చేతులు గట్టిగా వణకడం, తూలడం, నాలుక మడతపడటం, వాంతులు, విరేచనాలు, మనిషి అయోమయంగా మారడం కనిపిస్తే తర్వాతి మాత్ర వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, లిథియం వాడుతున్నట్టు మొదటి మాటగా చెప్పండి. డాక్టరును అడగకుండా ఆపవద్దని ఇన్ని సార్లు చెబుతున్న నేను, ఆపి పరుగెత్తమని చెప్పేది ఇలాంటి చోటే. బైపోలార్‌కు, మూర్ఛకు ఇచ్చే లామోట్రిజిన్ వాడుతూ ఒంటి మీద దద్దుర్లు లేచినా, క్లోజపిన్ వాడుతూ జ్వరం, గొంతునొప్పి వచ్చినా అదే రోజు డాక్టరుకు చూపించాలి.

మాలలో ఉన్నాం, ఉపవాసాలున్నాం. మాత్రలు ఆపవచ్చా?

ఆపకండి. అయ్యప్ప దీక్ష 41 రోజులు, రంజాన్ ఉపవాసాలు నెల రోజులు. ఈ వ్యవధిలో జబ్బు తిరగబెట్టవచ్చు. దీక్షకు, రోజాకు ముందే డాక్టరును కలిస్తే చాలా మందుల వేళలను తెల్లవారుజాముకు, రాత్రికి మార్చి ఇవ్వగలరు. లిథియం వాడేవారు రోజంతా నీళ్లు లేకుండా ఉండటం గురించి తప్పక అడగాలి.

దర్గాకు, ఆశ్రమానికి తీసుకెళ్లాం. అక్కడున్నన్నాళ్లూ మందులు వద్దన్నారు.

ఏ.ఎస్.పేట, కసుమూరు, గొలగమూడి, పెంచలకోన, ఎక్కడికి వెళ్లినా మీ నమ్మకానికి నేను అడ్డు చెప్పను. మా అమ్మ కూడా తమ్ముణ్ని తీసుకుని గొలగమూడిలో నిద్ర చేసి వచ్చింది. మాత్రల డబ్బా వాళ్లతో పాటే వెళ్లింది. మొక్కుకు, మాత్రకు పోటీ పెట్టేవాళ్ల మాట వినకండి. అక్కడ ఒకరో ఇద్దరో మందులు మానమంటే ఆ మాట వారి సొంతం. మనిషి అటూ ఇటూ అయితే ఆ రాత్రి పక్కన ఉండాల్సింది మీరే. పేరు తెలియని పసర్లు, చూర్ణాలు ఈ మందులతో కలిపి వాడితే ఏం జరుగుతుందో చెప్పడం కష్టం. వాడాలనుకుంటే డాక్టరుకు చూపించాకే.

ఒళ్లు పెరిగింది, మత్తుగా ఉంది, కాపురంలో ఇబ్బంది. ఇవి పడుతూ ఎలా వాడాలి?

పడుతూ వాడమని ఎవరూ అనరు, అనకూడదు. మందు ఆపేసినవారిని గట్టిగా అడిగితే చాలాసార్లు బయటపడే కారణం ఇదే. ఒలాంజపిన్‌తో ఆకలి, బరువు, షుగరు పెరగవచ్చు. రిస్పెరిడోన్‌తో ఆడవాళ్లకు నెలసరి తప్పవచ్చు, పాలు రావచ్చు. సెర్ట్రలిన్ లాంటివాటితో లైంగిక ఇబ్బందులు వస్తాయి. వీటిలో ప్రతిదానికీ డాక్టరు చేతిలో ఏదో ఒక దారి ఉంటుంది: డోసు తగ్గించడం, వేళ మార్చడం, వేరే మందు.

కాపురం సంగతి డాక్టరు ముందు చెప్పడానికి నోరు రాదు, పక్కన అత్తగారో మామగారో కూర్చుని ఉంటారు. చిన్న కాగితం మీద రాసి ఇవ్వండి. "ఒంటరిగా మాట్లాడాలి" అని అడగండి. మా తమ్ముడి విషయంలో డాక్టరు గారు కోప్పడలేదు. రాత్రి కాపలా మానిపించారు, ఎందుకంటే బైపోలార్ జబ్బులో నిద్ర చెడితే చాలు ఉన్మాదం లేస్తుంది. మాత్రల వేళ ముందుకు జరిపారు. ఇప్పుడు పగలు మేత చల్లే పని చేస్తున్నాడు. మొదటే ఒక్క మాట అడిగి ఉంటే ఆ పందొమ్మిది రోజులు ఉండేవి కావు.

పెళ్లి కుదిరింది. అత్తవారికి తెలియకుండా ఆపేద్దామనుకుంటున్నాం.

పెళ్లి హడావిడి, నిద్రలేని రాత్రులు, కొత్త ఇల్లు, కొత్త మనుషులు. జబ్బు తిరగబెట్టడానికి ఇంతకన్నా అనువైన సమయం ఉండదు, సరిగ్గా అప్పుడే మందు ఆపుతున్నారు. ఆడపిల్ల విషయంలో ఇది మరీ ఎక్కువ. మాత్రలు సూటుకేసు అడుగున, చీర మడతల్లో పెట్టి పంపుతారు, ఆ పిల్ల తీయలేక, వేసుకోలేక నలిగిపోతుంది. ముఖ్యమైన విషయం దాచి పెళ్లి చేశారని తర్వాత కోర్టుకెక్కే వీలు కూడా హిందూ వివాహ చట్టంలో ఉంది. చెప్పి చేసిన సంబంధం నిలబడటం నేను చూశాను. చెప్పడం ఎంత కష్టమో కూడా తెలుసు. ముందు డాక్టరు దగ్గరికి వెళ్లి ఎలా చెప్పాలో అడగండి, అవసరమైతే అవతలివారిని కూడా తీసుకెళ్లండి.

గర్భం వచ్చింది, వెంటనే అన్నీ ఆపేయనా?

ఆ రోజే, లేదా మర్నాడే డాక్టరుతో మాట్లాడండి. వాల్‌ప్రోయేట్ కడుపులో బిడ్డ వెన్నుకు, మెదడుకు హాని చేయగలదు కాబట్టి గర్భం అనుకోకముందే దాని గురించి మాట్లాడి ఉండాలి. కొన్ని మందులు కొనసాగించవచ్చు. తల్లికి జబ్బు తిరగబెట్టడం బిడ్డకూ ప్రమాదమే. గైనకాలజిస్టుకు, మానసిక వైద్యునికి ఒకరి చీటీ ఒకరికి చూపించండి.

నిద్రమాత్రలు చీటీ లేకుండా ఎందుకివ్వరు?

ఆల్ప్రజోలామ్, జోల్పిడెమ్ లాంటివి షెడ్యూల్ హెచ్1 మందులు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన వివరం రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. మామీద కోపం తెచ్చుకోకండి. ఇప్పటికే రోజూ వాడుతూ షీటు అయిపోయినవారు మాత్రం "దొరకలేదు కదా, మానేద్దాం" అనుకోవద్దు. పైన చెప్పిన ఫిట్స్ ప్రమాదం వారికే. వెంటనే డాక్టరును కలవండి. ఈ మాత్రలతో మద్యం ఎప్పుడూ కలపవద్దు.

మావాడు మాత్ర నాలుక కింద దాస్తున్నాడు. సాంబారులో కలిపి పెట్టవచ్చా?

చేయి వణుకుతుంది కానీ చాలా ఇళ్లలో ఇదే చేస్తారు. వద్దు. తెలిసిన రోజు మాత్రతో పాటు మీ చేతి అన్నాన్ని కూడా నమ్మడు. పైగా ఎంత డోసు లోపలికి పోయిందో ఎవరికీ తెలియదు. దాస్తున్నాడని డాక్టరుకు చెప్పండి. రెండు వారాలకో నాలుగు వారాలకో ఒకసారి వేసే ఇంజెక్షన్లు కొన్ని జబ్బులకు ఉన్నాయి, నోట్లో వేయగానే కరిగే మాత్రలూ ఉన్నాయి. ఎందుకు దాస్తున్నాడో ముందు వాణ్నే అడగండి.

ఇప్పటికే ఆపేశాం. మళ్లీ పాత డోసే మొదలుపెట్టవచ్చా?

అడగకుండా మొదలుపెట్టకండి. క్లోజపిన్ రెండు రోజులకు మించి ఆగితే మళ్లీ 12.5 మిల్లీగ్రాముల నుంచి ఎక్కుతూ పోవాలి. నేరుగా పాత డోసు వేస్తే బీపీ పడిపోయి మనిషి కుప్పకూలవచ్చు. లామోట్రిజిన్ కొన్ని రోజులు తప్పితే అదీ చిన్న డోసు నుంచే, లేకుంటే ప్రాణాంతకమైన దద్దుర్ల ప్రమాదం. డాక్టరు తిడతారని భయపడి "రోజూ వేసుకుంటున్నాడు" అని అబద్ధం చెబితే, మందు పనిచేయడం లేదనుకుని ఆయన డోసు పెంచుతారు. నిజం చెప్పండి.

డాక్టరు దూరం. మార్కాపురం, కనిగిరి వైపు నుంచి ప్రతినెలా ఎలా వెళ్లేది?

నిజమైన కష్టం ఇది. పని పోతుంది, బస్సు ఖర్చు, తోడు మనిషి కూలి పోతుంది. వేలూరుకో చెన్నైకో వెళ్లి చూపించుకున్నవారికి మరీ కష్టం. చీటీలో మందులు నెలకు రాశారు, మళ్లీ రమ్మన్నది మూడు నెలలకు. మధ్యలో మందు ఆగిపోతుంది.

మానసిక సమస్యలకు ఫోనులో సలహా ఇచ్చే టెలీ మానస్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది, రోజంతా, ఉచితంగా పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. పెద్ద ఊళ్లో రాసిన మందులు దగ్గరలో కొనసాగించేలా, చివరి చీటీ, మందు అసలు పేరు, డోసు, రక్తపరీక్షలు అన్నీ ఒకే సంచిలో పెట్టి అక్కడ చూపించండి. కంపెనీ పేరు మారినా లోపలి మందు ఒకటే కావచ్చు, షీటు మీద చిన్న అక్షరాల్లో ఉండేదే అసలు పేరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ వైద్యంలో అత్యావశ్యక మందుల జాబితాలోనివి ఉచితంగా ఇవ్వాలి, అడగడం మీ హక్కు. మందు అయిపోయే పది రోజుల ముందే కదలండి, ఆఖరి మాత్ర రోజు కాదు.

ఎప్పుడు ఆగకుండా పరుగెత్తాలి?

ఫిట్స్ వచ్చినా, చనిపోతానని అన్నా, తనకు గానీ ఎదుటివారికి గానీ హాని చేసుకునేలా ఉన్నా, రెండు మూడు రోజులుగా నిద్ర లేకపోయినా, తిండీ నీళ్లూ ముట్టకపోయినా, మనుషులను గుర్తుపట్టలేక అయోమయంగా ఉన్నా, గట్టి జ్వరంతో ఒళ్లు బిగుసుకుపోయినా. 108కు ఫోను చేయండి. పురుగుమందు డబ్బాలు, తాళ్లు, మిగిలిన మాత్రలు అందకుండా తీసేయండి. మనిషిని ఒంటరిగా వదలకండి. బయల్దేరేటప్పుడు మాత్రల షీట్లు, ఖాళీవి కూడా, సంచిలో వేసుకోండి. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరుకు మీ కథ అంతా వినే తీరిక ఉండకపోవచ్చు, షీటు చూస్తే సగం సంగతి అర్థమవుతుంది.